చర్చించడమైనది

పొద్దున ఎవరిదో సీమంతం అయింది హాల్ల.
బంతిపూల రెక్కలు ఇంకా ఊడవలేదు.
గాజుల డబ్బా పక్కకు జరిపి
మినిట్స్ బుక్కు పెట్టుకొని కూసున్న.
వార్డు సభ నాలుగింటికన్నరు.
ఐదున్నరకు సార్లొచ్చిండ్రు.

నా పని రాసుడు.
లాలాపేట గల్లీలన్నీ మోసుకొచ్చిన లొల్లిని
ఒక్క మాటలకు దించుడు.
ఏడేండ్ల సంది చేతికి అదే అలవాటు:
చర్చించడమైనది.
ఎవరు అరిసిండ్రో, ఎవరు సప్పుడు చెయ్యలేదో
ఆ మాటల కానరాదు.
మనిషి లేని క్రియ అది.
బండి పోతనే ఉంటది, నడిపేటోడుండడు.

సైమన్ తాత లేసిండు.
రైల్వే వర్క్‌షాపుల ఫిట్టరు చేసి దిగినోడు,
జేబుల టేపు లేంది గడప దాటడు.
"మూడో గల్లీల మ్యాన్‌హోల్ ఇరవై రెండించులు సార్.
మీరు పంపిన మూత ఇరవై.
ఇప్పుడు గుంత గుంతనే ఉన్నది,
మూత సుత దాంట్లనే ఉన్నది."
అందరు నవ్విండ్రు. తాత నవ్వలే.
చర్చించడమైనది.

"మా కంబం లైటుకు పగటి డ్యూటీ ఏసిండ్రా ఏంది,
పొద్దుగూకంగనే ఇంటికి పోతున్నది"
ఇది ఇస్త్రీ బండి నర్సుబాయి.
చర్చించడమైనది.

తర్వాత మెహరాజ్ బేగం.
ముందుగాల ఏమనలే.
సంచిలకెల్లి ఒక బాటిల్ తీసి
నీళ్ల సారు బాటిల్ పక్కన పెట్టింది.
ఒకటి సీలు ఇప్పనిది.
ఒకటి పసుపు కడిగినట్టున్నది.
"రాత్రి రెండింటికి ఇడుస్తరు, నలభై నిమిషాలు.
పావుగంట దాంక గిదే వస్తది.
ఒక గ్లాసు పొయ్యనా సార్?"

నల్లాకు నాలాకు
కాగితం మీద తేడా ఎంత?
ఒక దీర్ఘం, ఒక ఒత్తు.
భూమి లోపల అది గూడ లేదు.
రాసేటప్పుడు నేను సుత తడబడ్డ,
కొట్టేసి మళ్ల రాసిన.
సారు తొంగి చూసి
"స్పెల్లింగ్ జాగ్రత్త" అన్నడు.

ఆ బాటిల్ అక్కడ్నే మరిచిండ్రు.
మరిచిండ్రో, ఇడిసిపెట్టిండ్రో.
నేను ఆఫీసుల బీరువ మీద పెట్టిన.
పుట్టిన తేదీలు దిద్దుకుంట,
ఇంటి పన్ను రశీదుల మీద ముద్ర గుద్దుకుంట
నడుమ నడుమ దాని దిక్కు చూసేదాన్ని.
నా మూడు నెలల జీతం గూడ గట్లనే
ఏజెన్సీ దగ్గర కదలకుంట కూసున్నది.
అది ఏ ఎజెండాల లేదు.

మెల్లగ మన్ను అడుక్కు దిగింది.
మీద నీళ్లు తేటపడ్డయి.

నెల తిరిగింది. మళ్ల సభ.
బీరువ మీది బాటిల్ నేనే తెచ్చి పెట్టిన.
నీళ్ల సారు దాన్ని ట్యూబులైటుకు అడ్డం పట్టి
"చూడమ్మా, క్లియర్ అయింది కదా" అన్నడు.
నా దిక్కు తిరిగి, రాయమన్నడు:
సమస్య పరిష్కరించడమైనది.

మెహరాజ్ బేగంకు మోకాళ్ల నొప్పి.
రెండు కుర్చీలు పట్టుకొని లేసింది,
నిమ్మలంగ నడిచొచ్చింది.
పిల్లల దగ్గు మందు ఊపినట్టు
బాటిల్ రెండుసార్లు ఊపి
మళ్ల బల్ల మీద పెట్టింది.

సైమన్ తాత టేపు గుంజి
మన్ను ఎంతెత్తున్నదో కొలవబోయిండు.
అప్పటికే అది అంతట ఉన్నది.

నా పెన్ను "సమస్య" కాడ ఆగింది.

ఏడింటికి హాలు ఖాళీ చెయ్యాలె,
ఎవరిదో బర్త్‌డే ఉన్నదట.
బెలూన్లు పట్టుకొని పిల్లలు తలుపు కాడనే నిలబడ్డరు.
కుర్చీలు మడుస్తుంటె బేగం నా కాడికొచ్చింది.
"బేటీ, మీ దిక్కు నల్లా ఎప్పుడు?"
"రేపు. రాత్రి మూడింటికి."
"అలారం పెట్టుకో.
మొదటి రెండు బిందెలు పారబొయ్యి."